ఒకే పెట్టెకి నాలుగు వందల పద్నాలుగు ఉత్తరాలు

పోయినవాటితో మొదలుపెడతాను. వచ్చినవాటి గురించి చెప్పడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. పోయినవి మాత్రం లెక్క రాసేవాడే చెప్పాలి.

నావి రెండు పనిదినాలు పోయాయి. ఆకివీడులో నెట్ సెంటర్ నడిపే ఒకాయనకి రెండు రోజుల వ్యాపారం పోయింది. ముప్పై ఒక్క మంది చెరువుల రైతులకి తలా ఒక పూట ఏలూరులో ఒక ఆఫీసు వరండాలో నిలబడి పోయింది. మా ల్యాబ్ పేరు మీద వెళ్లే మెయిళ్లకి నెల రోజుల పాటు మర్యాద పోయింది. ఎవరికి రాసినా నేరుగా వాళ్ల చెత్తబుట్టలోకే వెళ్లేవి. నా మేనకోడలికి ఒక నియమం పోయింది. డబ్బు కూడా కొంత పోయింది గానీ, మిగతావాటి పక్కన పెడితే అది రాసుకోదగ్గ మొత్తం కాదు. చేప ఒక్కటీ చావలేదు. ఈ సంగతి కూడా రాసి తీరాలి, ఎందుకంటే మా వైపు నష్టం అనగానే జనం ముందు అడిగేది అదే.

ఇవన్నీ ఒక సాఫ్ట్‌వేర్ పెట్టడం వల్ల పోయాయని నేను చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి ఆ సాఫ్ట్‌వేర్ చెప్పిన మాట వినకపోవడం వల్ల పోయాయి.

నా మేనకోడలు, అంటే మా అక్క కూతురు, కైకలూరులో నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్ నడుపుతుంది. ఐసు ఫ్యాక్టరీకీ మేతల షాపుకీ మధ్య రెండు గదులు. చుట్టుపక్కల చేపల చెరువుల వాళ్లు, రొయ్యల చెరువుల వాళ్లు పొద్దున్నే సీసాల్లో నీళ్లు పట్టుకొస్తారు. అమ్మోనియా ఎంత, ఉప్పు ఎంత, సున్నం వెయ్యాలా అక్కర్లేదా, అవన్నీ చూసి ఆమె ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తుంది. చాలా కాగితాల చివర ఆమె రాసే మాట ఒకటే: "ఇప్పుడు ఏమీ వెయ్యకండి." అది చదివి రైతు ముఖం చిన్నబోతుంది. డబ్బు పుచ్చుకుని సూది మందు ఇవ్వని డాక్టరును చూసినట్టు చూస్తాడు.

నేను ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేసి, తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమిషన్ షాపులో గుమస్తాగా చేరినవాణ్ణి. లెక్కలు అక్కడ నేర్చుకున్నాను. కంప్యూటరు ఎవరూ నేర్పలేదు, సొంతంగా నేర్చుకున్నాను. అందువల్ల నాకు తెలిసిందంతా సరైనదేనన్న నమ్మకం కాస్త ఎక్కువ. ఇప్పుడు ఏలూరులో ఉంటూ, వారంలో మూడు రోజులు కొల్లేరు మీదుగా బస్సులో కైకలూరు వెళ్లి మేనకోడలి ల్యాబ్ లెక్కలు చూస్తుంటాను. జీతం ఇస్తుంది కాబట్టి ఆమె యజమాని. మావయ్యను కాబట్టి ఆ మాట ఇద్దరం అనుకోం.

మూడేళ్ల క్రితం ఒక మేతల కంపెనీ వాళ్లు ఉచితంగా నీళ్లు పరీక్ష చేసే వ్యాను ఒకటి తిప్పడం మొదలుపెట్టారు. రైతు సీసా పట్టుకుని ఎక్కడికీ రానక్కర్లేదు. వ్యానే చెరువు గట్టు మీదకి వస్తుంది. వాళ్లిచ్చే కాగితం రంగుల్లో ఉంటుంది, దాని చివర ఎప్పుడూ ఒక మందు డబ్బా పేరు ఉంటుంది. ఆ డబ్బా వ్యాను వెనకాలే ఉంటుంది కూడా.

మా దగ్గరకి వచ్చే సీసాలు నెలనెలా తగ్గాయి. వచ్చే వేసవి దాకా ఇలాగే జారిపోతే రెండు గదులూ ఖాళీ చేసి ఏదో ఒక మేతల కంపెనీలో ఉద్యోగానికి వెళ్లక తప్పదని మేనకోడలు ఒకే ఒక్కసారి అంది. ఆ ఉద్యోగం ఏమిటో ఇద్దరికీ తెలుసు. కాగితం చివర డబ్బా పేరు రాయడం.

"మనమూ ఓ నెల ఉచితం అనకూడదా?" అన్నాను.

"ఉచితం అన్నమాట మన బోర్డు మీదకి రాదు మావయ్యా," అంది. "ఉచితంగా చూసినవాడు ఏదో ఒకటి అమ్మాలి. అమ్మాలంటే నీళ్లలో ఏదో ఒక రోగం కనపడాలి. నాకు కనపడదు, నేనేం చెయ్యనండి?"

ఆమె ఆలోచన వేరు. వారం వారం రైతులందరికీ ఒక ఉత్తరం పంపాలి. ఈ వారం ఏ వైపు చెరువుల్లో నీళ్లు ఎలా ఉన్నాయి, మబ్బు పట్టిన రోజుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఎప్పుడు తిప్పాలి, ఏ డబ్బా కొననక్కర్లేదు, ఇలాంటివి. అది చదివితే సీసాలు తిరిగి వస్తాయని ఆమె నమ్మకం. అప్పటికే ఒక ఫోన్ గ్రూపు పెట్టి చూసింది. పదిహేను రోజుల్లో అందులో శుభోదయం పువ్వులు, ఓణీల ఫంక్షన్ల పిలుపులు, తప్పిపోయిన గేదె ఫొటో వచ్చి చేరాయి. తర్వాత వ్యాను డ్రైవరు చేరి డబ్బాల ఫొటోలు పెట్టడం మొదలుపెట్టాడు. గ్రూపులో ఎవరైనా జవాబివ్వొచ్చు. మెయిల్ అయితే మనం చెప్తాం, వాళ్లు వింటారు. అలా మెయిల్ అన్న మాట వచ్చింది. మా రైతుల్లో మెయిల్ తెరిచి చదివేవాళ్లు ఎంతమంది అన్న ప్రశ్న మాత్రం ఆ రోజు ఇద్దరికీ రాలేదు. రిజిస్టరులో మెయిల్ అడ్రసు అనే గడి ఉంది, అది నిండుగా ఉంది, అంతే మాకు తెలిసింది.

సాఫ్ట్‌వేర్ ఎంపిక నాకు అప్పగించింది. నేను మూడు చూశాను.

మొదటిది విదేశీ కంపెనీది. అన్నీ వాళ్లే చూసుకుంటారు, మనం ఉత్తరం రాస్తే చాలు. కాకపోతే జాబితాలో ఎంతమంది ఉంటే నెలకి తలకింత అని కట్టాలి. మేము చేపల్ని కూడా బరువు చూసి కొంటాం. తలలు లెక్కపెట్టి డబ్బు తీసుకునే పద్ధతి నాకు నచ్చలేదు. రెండోది ఫోనులో దొరికిన ఒక ఏజెంటు. తన దగ్గర లక్షల అడ్రసులు సిద్ధంగా ఉన్నాయన్నాడు.

"మా రైతులు మాకున్నారండి, వాళ్లకి పంపితే చాలు," అన్నాను.

"ఇవి కూడా తీసుకోండి సార్, ఎందుకైనా మంచిది," అన్నాడు. కైకలూరు నీళ్లలో అమ్మోనియా సంగతి ఎవరెవరో ఊరి పేరు తెలియనివాళ్లకి పంపితే ఎందుకు మంచిదో అతను చెప్పలేదు.

మూడోది ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్. మనమే తెచ్చుకుని, అద్దెకి తీసుకున్న సర్వర్ మీద మనమే పెట్టుకోవాలి. ఎంతమందికి పంపినా అడిగేవాడు లేడు. ఈ మూడింటినీ ఒక పట్టికలో వేసి మేనకోడలికి చూపించాను. ఆమె పైనుంచి కిందకి చూసి, "మావయ్యా, వీటిల్లో ఏది బాగా పనిచేస్తుందో, ఆ కాలమ్ లేదేంటండి?" అంది.

"అది పెట్టాక గానీ తెలియదమ్మా."

"సరే అయితే, మీరు దేన్ని పెడదామనుకుంటున్నారో దాన్నే పెట్టండి. ఎలాగూ అదే పెడతారు."

దాన్నే పెట్టాను. అయిదు నిమిషాల్లో పెట్టుకోవచ్చని దాంతో వచ్చిన సూచనల్లో రాసి ఉంది. ఎవరి అయిదు నిమిషాలో రాయలేదు. ఫైళ్లు ఎక్కిస్తుండగా కరెంటు పోయేది. వచ్చాక మళ్లీ మొదటినుంచి. అడ్రసులు దాచుకోవడానికి దానికొక డేటాబేస్ కావాలి, అది కొట్టుగది లాంటిది. కొట్టుగది నేనే కట్టి, తాళం నేనే వేసి, తాళంచెవి ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌కి నేనే చెప్పాలి. తర్వాత, మా పేరుతో ఉత్తరం వేసే హక్కు ఈ సర్వర్‌కి ఉందని లోకానికి చాటే వరుసలు రెండు వేరే చోట రాయాలి. అందులో ఒక చుక్క తప్పితే ఎవరూ తప్పని చెప్పరు, ఉత్తరం మాత్రం చేరదు. ఉల్లిపాయల షాపులో కాటా తప్పితే కనీసం రైతు అరుస్తాడు. ఇక్కడ అరిచేవాళ్లు లేరు. చుక్కని వెతకడానికి ఒక మధ్యాహ్నం పట్టింది.

సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీ గంటకి వంద ఉత్తరాలకి మించి పంపనివ్వదు. కాబట్టి గంటగంటకీ తనంతట తాను లేచి వందేసి పంపి మళ్లీ పడుకోమని సాఫ్ట్‌వేర్‌కి ఏర్పాటు చేశాను. నాకూ, మేనకోడలికీ ఒక్కో ఉత్తరం పంపి చూశాను. పక్కగదిలోంచి "వచ్చిందండి," అంది. పదడుగుల దూరం వెళ్లడానికి ఆ ఉత్తరం ఏ దేశం మీదుగా తిరిగొచ్చిందో గానీ, నాకు మాత్రం చాలా గర్వంగా అనిపించింది.

ఇక రైతుల అడ్రసులు ఎక్కించాలి. రిజిస్టరులో మెయిల్ గడి నిండిన పేర్లు అయిదు వందల నలభై. వాటిని ఫైలుగా చేసి ఎక్కించాను. సాఫ్ట్‌వేర్ కాసేపు ఆలోచించి, నూట ఇరవై ఏడు తీసుకున్నాను, నాలుగు వందల పదమూడు ఉన్నవే మళ్లీ వచ్చాయి కాబట్టి వదిలేశాను అంది.

నాకు కోపం వచ్చింది. ఆ ఫైలు రాసింది నేను. ఒకే రైతును రెండుసార్లు రాయడం నా చేతుల్లో జరగదు. అయినా న్యాయంగా ఉండాలని, మళ్లీ సరిచూశాను. పేరు, తండ్రి పేరు, ఊరు, చెరువు విస్తీర్ణం, ఫోన్ నంబరు ఒక్కొక్కటీ పక్కపక్కన పెట్టి, అయిదు వందల నలభై మందీ వేరువేరు మనుషులేనని తేల్చడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో నేను చూడనిది మెయిల్ గడి ఒక్కటే. కాగితం ఒక పేజీ వెడల్పులో సరిపోవాలని ఆ గడిని చాలా సన్నగా చేసి పెట్టుకున్నాను. ఇంగ్లీషులో ఆక్వా అన్న నాలుగు అక్షరాలే కనిపించేవి, మిగతాది పక్క గడి కింద దాక్కునేది. చేపల చెరువుల మధ్య బతికేవాళ్లు అడ్రసుకి ఆక్వా అని కాక ఇంకేమని పెట్టుకుంటారు అనుకున్నాను.

మనుషులు ఎవరూ మళ్లీ రాలేదని రుజువైంది కాబట్టి తప్పు సాఫ్ట్‌వేర్‌దని తేల్చాను. ఊరికే వచ్చింది కదా, ఏదో లోపం ఉండే ఉంటుంది. ఒకే అడ్రసు రెండోసారి వస్తే ఆపే కట్టడి ఒకటి డేటాబేస్‌లో ఉంటుంది. దాన్ని ఎలా తీసెయ్యాలో వెతికి, తీసేసి, అయిదు వందల నలభై పేర్లనీ నేరుగా కొట్టుగదిలోకి దింపాను. వీళ్లంతా ఉత్తరాలకి ఒప్పుకున్నవాళ్లేనా అని సాఫ్ట్‌వేర్ ఇంకోసారి అడిగింది. రైతు ఒప్పుకోకపోతే మా వైపు చెరువులో సీసా కూడా ముంచనివ్వరు. అవునని కొట్టాను.

మొదటి ఉత్తరం మేనకోడలు బాగా రాసింది. నీళ్ల రంగుని బట్టి చెరువు ఆరోగ్యం ఎలా తెలుస్తుందో ఫొటోలతో పెట్టింది: లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ, ఎర్రమన్ను రంగు, నల్లటిది. ఫొటోలు స్పష్టంగా ఉండాలని తగ్గించకుండా పెట్టాం, కాబట్టి ఉత్తరం బరువు బాగానే వచ్చింది. శనివారం మధ్యాహ్నం మొదలై, వందేసి చొప్పున వెళ్తూ, సాయంత్రానికి అయిదు వందల నలభై ఉత్తరాలూ బయలుదేరాయి. తెర మీద లెక్క సరిగ్గా తేలింది. నేను ఏలూరు బస్సెక్కాను.

సోమవారం పొద్దున ల్యాబ్ తాళం తీస్తుండగానే ఒకాయన మోటారుసైకిలు దిగాడు. తెల్లచొక్కా, జేబులో నాలుగు పెన్నులు. ఆకివీడులో నెట్ సెంటర్ ఉందని చెప్పాడు. ఎండలో వచ్చినా చాలా శాంతంగా ఉన్నాడు.

"ఏవండీ, మీరేనాండి వారం వారం ఉత్తరం అని మొదలుపెట్టింది?"

"మేమేనండి," అన్నాను. మొదటి పాఠకుడు ఇంటికే వచ్చాడనుకున్నాను. "అందిందాండి?"

"అందిందండి. అందడమా, చెప్పలేం కదండి. శనివారం మధ్యాహ్నం అందిందండి. మళ్లీ అందిందండి. ఆదివారం నేను గూడెంలో పెళ్లికెళ్తే అక్కడా అందుతూనే ఉందండి. ఫోను జేబులో మోగుతుంటే పంతులుగారు నా వంకే చూస్తున్నారండి. ఇందాక నేను బయలుదేరేటప్పుడు కూడా అందుతోందండి."

మేనకోడలు లోపలినుంచి కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చోలేదు.

"ఎన్ని అందాయండి?" అన్నాను. అడగాల్సిన ప్రశ్న అదికాదని ఇప్పుడు తెలుస్తోంది.

"లెక్క మీ దగ్గర ఉంటుందనే వచ్చానండి. రంగుల బొమ్మలు మాత్రం బావున్నాయండి. నల్లరంగు నీళ్లు అయితే ఇక నా కళ్లలోంచి పోవండి."

అప్పుడు గడిని వెడల్పు చేసి చూశాను. ఆక్వా తర్వాత దాక్కున్న అక్షరాలన్నీ బయటకొచ్చాయి. వరసగా, పేజీ తర్వాత పేజీ, ఒకే అడ్రసు. అది ఆయనది.

ఇది ఎలా జరిగిందో మా వైపు తెలియనివాళ్లకి చెప్పాలి. చెరువు రిజిస్ట్రేషనుకి, కరెంటు మీటరుకి, పిల్లల పరీక్షకి, దేనికి దరఖాస్తు పెట్టాలన్నా నెట్ సెంటర్‌కే వెళ్తాం. దరఖాస్తులో మెయిల్ అనే గడి నింపితే గానీ కంప్యూటరు ముందుకి కదలదు. నీ మెయిల్ ఏంటని అడిగితే రైతు, "ఏదో ఒకటి కొట్టండి," అంటాడు. ఈయన తన సొంత అడ్రసు కొడతాడు. ఆఫీసు నుంచి జవాబు వస్తే ఈయన పెట్టెలో పడుతుంది. ఫోను చేసి, "మీ కాగితం వచ్చిందండి, రండి," అని పిలిచి, అచ్చు తీసి ఇస్తాడు. కొన్నేళ్లుగా అలాగే నడుస్తోంది, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఆ రిజిస్ట్రేషను కాగితం జిరాక్సే రైతులు మా ల్యాబ్‌లో ఇస్తారు. దాని మీద అచ్చయిన అడ్రసునే మా కౌంటర్‌లో అమ్మాయి నమ్మకంగా రిజిస్టరులోకి ఎక్కించింది.

సాఫ్ట్‌వేర్ వదిలేసినవి నాలుగు వందల పదమూడు. ఆయనకి చేరవలసినవి నాలుగు వందల పద్నాలుగు, ఎందుకంటే మొదటిదాన్ని అది మర్యాదగా తీసుకుంది. ఈ తేడా నేను ఆయనకి వివరించబోతుంటే మేనకోడలు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అన్నీ తుడిచేద్దామండి, నిమిషం పని," అంది ఆయనతో.

"తుడుస్తున్నానండి మేడంగారూ. నేను తుడుస్తుంటే అవి వస్తున్నాయండి."

అదీ నిజమే. ఆయన పెట్టె అప్పటికే రైతుల పాస్‌పుస్తకాలు, ఫొటోలతో అంచుల దాకా నిండి ఉంది. మా బరువైన ఉత్తరాలు సగం చేరేసరికి పూర్తిగా నిండిపోయింది. చేరనివి వెనక్కి పోకుండా గుమ్మం బయట కూర్చుని, కాస్త చోటు కనపడగానే లోపలికి దూరుతున్నాయి. ఇన్ని ఉత్తరాలు ఒకేసారి ఏమిటని అనుమానం వచ్చి ఆ మెయిల్ కంపెనీ వాళ్లు ఆయన పెట్టెకి మధ్యమధ్యలో తలుపులు కూడా మూసేశారు. ఆయన విసిగి మా ఉత్తరాలన్నిటినీ కలిపి చెత్త అని ఫిర్యాదు కొట్టాడు. దాంతో సర్వర్ అద్దెకిచ్చినవాళ్లు మమ్మల్ని ఆపేశారు. అలా గుమ్మం బయట కూర్చున్నవి నేను ఏమీ చెయ్యకుండానే ఆగిపోయాయి. ఆ రోజు సవ్యంగా జరిగిన పని అదొక్కటే.

ఆయన బాధ తన పెట్టె గురించి కాదని అప్పటికి గానీ మాకు అర్థం కాలేదు. చెరువుల రిజిస్ట్రేషను కాగితాల్లో లోపాలుంటే వారంలోగా దిద్దుకొమ్మని ఆఫీసు నుంచి మెయిళ్లు రావలసింది సరిగ్గా ఆ రోజుల్లోనే. వచ్చి, తలుపు మూసి ఉండేసరికి వెనక్కి వెళ్లిపోయాయి.

"వాళ్లకి మెయిల్ అంటే నేనేనండి," అన్నాడు. ఆ మాట అంటూ మొదటిసారి కూర్చున్నాడు. "రేపొద్దున రిజిస్ట్రేషను పోతే మీ సాఫ్ట్‌వేర్‌ని అడగరండి. నన్నడుగుతారు."

మంగళవారం ఆయన షాపు మూసి, రిజిస్ట్రేషను వెబ్‌సైటులో ఒక్కొక్క రైతు ఖాతా తెరిచి చూస్తే ముప్పై ఒక్క మందికి అలాంటి మెయిల్ వెళ్లి వెనక్కి పోయిందని తేలింది. మేనకోడలు అందరికీ తనే ఫోను చేసింది. బుధవారం ఆయన, ఆమె, నేను, ముప్పై ఒక్క మంది రైతులు ఏలూరు ఆఫీసు వరండాలో ఉన్నాం. అసలు కాగితాలు చూపించి అందరివీ దిద్దించాం. ఎవరి రిజిస్ట్రేషనూ పోలేదు. కానీ ఒక పూట పోయింది. ఆ వరండాలో మా గురించి మాటలు పుట్టాయి.

"ల్యాబ్ అమ్మాయిగారు కంప్యూటరులో ఏదో నొక్కారంటండి."

"ఆవిడ కాదండి, ఆవిడ మావయ్యగారంట. అదిగో, ఆ స్తంభం పక్కన ఉన్నారే, ఆయనండి."

"ఆయన్ని చూస్తే బాగా చదువుకున్నవారిలా ఉన్నారే?"

"అందుకే కదండి."

నేను స్తంభం చాటుకి జరిగాను. మేనకోడలు మాత్రం వరండా మధ్యలో నిలబడి, తప్పు మాదే కాబట్టి ఈ ముప్పై ఒక్క మందికీ తలా ఒక పరీక్ష డబ్బు తీసుకోకుండా చేస్తానని చెప్పింది. అంటే ఉచితంగా. ఊరికే పరీక్ష చేస్తానని ఆమె అనడం నేను అదే మొదటిసారి వినడం. బస్సులో తిరిగొస్తుంటే, "నెల రోజులు ఉచితం అందామని నేనంటే వద్దన్నావు," అన్నాను.

"ఇది ఉచితం కాదు మావయ్యా, బాకీ," అంది. "బాకీకీ ఉచితానికీ తేడా తెలియకపోతే మీరు ఉల్లిపాయల షాపులో ఏం నేర్చుకున్నారండి?"

నెల తర్వాత మా పేరుకి మర్యాద తిరిగొచ్చింది. నేను తీసేసిన కట్టడిని మళ్లీ పెట్టాను. జాబితా నూట ఇరవై ఏడుకి దిగింది. అందులో చాలావరకు కొత్త ఫోను కొన్నప్పుడు షాపువాళ్లు సృష్టించి ఇచ్చిన అడ్రసులు, వాటి తాళం ఆ రైతులకే తెలియదు. మేనకోడలు ఉత్తరం రాయడం ఆపేద్దామా అనుకుంటున్న సమయంలో నెట్ సెంటర్ ఆయన ఫోను చేశాడు.

"ఏవండీ, ఈ వారం ఉత్తరం రాలేదేంటండి?"

"మీకే భయపడి ఆపామండి."

"ఒక్కటి పంపండి బాబూ. ఒక్కటంటే ఒక్కటేనండి."

ఒక్కటి పంపాం. ఆయన దాన్ని అచ్చు తీసి, పాస్‌పోర్టు ఫొటోల నమూనాలు అంటించిన గోడ మీద వాటి పక్కనే అంటించాడు. కాగితాల కోసం వచ్చి కూర్చున్న రైతులు తమ వంతు వచ్చేలోగా చదువుతారు. చదవలేనివాళ్లకి ఆయనే చదివి వినిపిస్తాడు, మధ్యమధ్యలో సొంత అభిప్రాయాలు కలుపుతాడు. అడిగినవాళ్లకి ఉత్తరం మళ్లీ తెరిచి ఇంకో కాపీ అచ్చు తీసి ఇస్తాడు, దానికి మాత్రం డబ్బు తీసుకుంటాడు. ఎవరి చెరువు నీళ్లు ఎలా ఉన్నాయో వాళ్ల దగ్గర అడిగి, తిరుగు టపాలో మాకు రాస్తాడు. సాఫ్ట్‌వేర్ నెలనెలా ఇచ్చే నివేదికలో మాత్రం ఇప్పటికీ, ఆకివీడు నుంచి మాకు ఉన్నది ఒకే ఒక్క పాఠకుడనీ, అతను ఒకే ఉత్తరాన్ని వారంలో అరవై డెబ్భై సార్లు తెరుస్తున్నాడనీ వస్తుంది. ఇలాంటి అభిమానిని పోగొట్టుకోవద్దని కింద ఒక సలహా కూడా ఉంటుంది.

సీసాలు తిరిగి వచ్చాయి. అన్నీ కాదు. వేసవి దాటింది, ఇంకో వేసవి కూడా దాటింది, రెండు గదులూ అలాగే ఉన్నాయి. వ్యాను కూడా అలాగే తిరుగుతోంది.

మిగిలింది బాకీ. ముప్పై ఒక్క మందిలో ఇరవై ఇద్దరు మొదటి రెండు నెలల్లోనే వచ్చి తమ పరీక్ష చేయించుకుని వెళ్లారు. మిగతా తొమ్మిది మంది రాలేదు. నేను ఫోన్లు చేశాను. ఒకాయన చాలా మర్యాదగా చెప్పాడు: "మీ ఉచితం కోసం నేను కైకలూరు దాకా రావాలి కదండి. వాళ్ల ఉచితం మా గట్టు మీదకే వస్తుందండి." రెండు ఉచితాల్లో దగ్గరది ఎంచుకున్నవాణ్ణి తప్పుపట్టడానికి నాకు కారణం దొరకలేదు.

"మీరే వెళ్లి పట్టుకురండి మావయ్యా, బాకీ మనది కదా," అంది మేనకోడలు.

ఆ తొమ్మిది మందిలో ఒకాయనది, ఏలూరు పక్కన పెదపాడు వైపు ఉన్న చెరువుకి సీసా తీసుకుని స్కూటరు మీద వెళ్లాను. మా రైతు అక్కడ లేడు. లీజు అయిపోయి చెరువు వదిలేశాడట. ఎక్కడికి వెళ్లాడో కొత్తగా లీజుకి తీసుకున్నాయనకి తెలియదు. నేను వచ్చిన పని చెప్పాను.

"ఉచితంగా చూస్తారాండి? మరి ఏం అమ్ముతారండి?"

"ఏమీ అమ్మమండి."

"ఏమీ అమ్మనివారు ఇంత ఎండలో ఇంత దూరం ఎందుకొచ్చారండి?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ఆక్వా అన్న నాలుగు అక్షరాల దగ్గర మొదలుపెట్టాలి. సీసా ముంచి తెచ్చేశాను. మేనకోడలు చూసి, ఇప్పుడు ఏమీ వెయ్యకండి అని రాసింది. కాగితం నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆ కొత్తాయన దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, డబ్బా పేరు ఎక్కడా కనపడక, జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి నెల తనే సీసా పట్టుకుని కైకలూరు వచ్చి, డబ్బు కట్టి పరీక్ష చేయించుకున్నాడు.

దాని మీద మా ఇద్దరికీ తేడా వచ్చింది. బాకీ చెరువుకి, చెరువు నీళ్లు చూశాం కాబట్టి అది తీరింది అంటుంది ఆమె. వరండాలో నిలబడింది చెరువు కాదు, మనిషి అంటాను నేను. ఆ మనిషి ఎక్కడ ఉన్నాడో, ఇప్పుడు ఏ నీళ్ల పక్కన ఉన్నాడో తెలియదు. మిగతా ఎనిమిది మంది మా సీసా అక్కర్లేదన్నారు గానీ, ఎక్కడున్నారో తెలుసు, వ్యాను వాళ్ల గట్టు మీద ఆగినప్పుడు బస్సులోంచి కనపడుతూనే ఉంటారు. యజమాని ఆమె కాబట్టి ల్యాబ్ పుస్తకంలో ఎనిమిది అనే రాస్తున్నాను. నా లెక్క ప్రకారం ఈ రోజుకీ తొమ్మిది.